గొంతు పోయాక పాడిన ప్రేమపాటలు

మా మూడో పెళ్లిరోజుకి నేనొక పొరపాటు చేశాను. చీర కొంటే రంగు నచ్చదు, నగ కొనే స్తోమత లేదు. పాటలంటే ఇద్దరికీ పిచ్చి కదా అని సీడీల షాపుకెళ్లి, "మంచి రొమాంటిక్ ఆల్బమ్ ఒకటివ్వు బాబూ, ఇంగ్లీషుదైనా సరే" అన్నాను. కౌంటర్లో కుర్రాడు తడుముకోకుండా ఒకటి తీసి చేతిలో పెట్టాడు. అట్ట మీద రంగుల్లో వేసిన బొమ్మ, అందులో సిగరెట్ పట్టుకున్న ఒకావిడ. గాయని జోనీ మిచెల్, ఆల్బమ్ పేరు "బోత్ సైడ్స్ నౌ". వెనక పాటల పేర్లు చూస్తే అంతా ప్రేమే. గిఫ్ట్ పేపర్ చుట్టించి, పైన రిబ్బన్ కూడా వేయించి తెచ్చాను.

రాత్రి భోజనాలయ్యాక పెట్టాం. వయొలిన్లు ఒక్కసారిగా ఇల్లంతా నిండిపోయాయి. నేను గర్వంగా మా ఆవిడ వంక చూశాను. ఇంతలో గొంతు మొదలైంది. రెండు లైన్లు విని, "ఈవిడకి జలుబు చేసిందాండీ?" అంది. నేనేం మాట్లాడలేదు, నాకూ అలాగే అనిపించింది మరి. కాలేజీ రోజుల్లో ఎవరో కాపీ చేసిచ్చిన క్యాసెట్లో నేను విన్న జోనీ మిచెల్‌కి చిలకలాంటి గొంతు ఉండేది. పై స్థాయికి చెప్పాపెట్టకుండా ఎగిరిపోయేది. ఇక్కడ పాడుతున్నావిడ మెట్లెక్కి వచ్చి ఆయాసం తీర్చుకుంటున్నట్టుంది.

మూడు పాటలు ఎలాగో గడిచాయి. నాలుగోది మొదలైన కాసేపటికి మా ఆవిడ, "నువ్వు మారిపోయావు అంటోంది కదూ?" అంది. అవును, పాట పేరే అది, "యూవ్ చేంజ్డ్". తొమ్మిదో పాటలో నా గురించి దిగులుపడకు, వెళ్లిరా అని సాగనంపడం. పదో పాటలో ముసురు పట్టింది. అప్పటికి తను కుర్చీలో సర్దుకుని కూర్చుని, "ఇది విని కొన్నారా, బొమ్మ చూసి కొన్నారా?" అని అడిగింది.

బొమ్మ కూడా సరిగ్గా చూడలేదు. ప్రేమ అన్న మాట కనిపిస్తే కొనేశాను.

ఆ డిస్కు ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. ఇన్నేళ్లలో నా అభిప్రాయం పూర్తిగా తిరగబడింది. పేరు మోసిన గాయకులు వయసు మళ్లాక చేసిన ప్రేమపాటల ఆల్బమ్‌లు నేను చాలానే విన్నాను. వాటిలో దీన్ని మించింది నాకు దొరకలేదు. దీన్ని అంతటిది చేసింది ఆ రోజు మేమిద్దరం జలుబు అనుకున్నదే. గొంతు బాగోలేదు అనే ఫిర్యాదు ప్రేమపాటల విషయంలో మనల్ని చాలాసార్లు తప్పుదారి పట్టిస్తుందని నా వాదన.

ముందు ఈ రకం ఆల్బమ్‌ల సంగతి చెప్పాలి. పాశ్చాత్య పాప్ గాయకుల్లో ఇదొక ఆనవాయితీ అయిపోయింది. సొంత పాటలు రేడియోలో మోగడం తగ్గాక, వయసు అరవైకి దగ్గరపడుతున్నప్పుడు, వెనక ఒక ఆర్కెస్ట్రాని పెట్టుకుని "స్టాండర్డ్స్" పాడతారు. అంటే సుమారుగా 1920ల నుంచి 50ల దాకా బ్రాడ్‌వే నాటకాల కోసం, హాలీవుడ్ సినిమాల కోసం, డాన్స్ బ్యాండ్‌ల కోసం రాసిన పాటలు. కోల్ పోర్టర్, హెరాల్డ్ ఆర్లెన్, రోజర్స్-హార్ట్ జంట వంటివాళ్ల పాటలన్నమాట. వందమంది పాడి ఉంటారు కాబట్టి వినేవాడికి ముందే తెలుసు. అందుకే అమ్మడం తేలిక.

మొదట్లో ఇది సాహసమే. 1978లో విల్లీ నెల్సన్ "స్టార్‌డస్ట్" చేస్తానంటే, కంట్రీ పాటలు పాడేవాడికి ఈ పాత పాటలెందుకని కంపెనీవాళ్లు నసిగారు. ఆ ఆల్బమ్ కంట్రీ చార్టుల్లో దాదాపు పదేళ్లు కదలకుండా కూర్చుంది. 1983లో లిండా రాన్‌స్టాట్ అనే రాక్ గాయని, ఒకప్పుడు ఫ్రాంక్ సినాత్రా అనే పాతతరం గాయకుడి పాటలకు ఆర్కెస్ట్రా కూర్చిన నెల్సన్ రిడిల్‌ని పిలిచి "వాట్స్ న్యూ" చేసినప్పుడూ అంతే. కెరీర్ పాడుచేసుకుంటున్నావని అందరూ చెప్పారు. అమెరికాలోనే 30 లక్షల కాపీలు దాటింది. డబ్బు వస్తుందని తెలిసిపోయాక ఇంకేముంది, సాహసం కాస్తా స్కీమ్ అయింది.

2002 నాటికి రాక్ గాయకుడు రాడ్ స్టీవర్ట్ వచ్చాడు. "ద గ్రేట్ అమెరికన్ సాంగ్‌బుక్" పేరుతో 2010 దాకా ఐదు భాగాలు. మూడో భాగానికి గ్రామీ అవార్డు కూడా వచ్చింది, అదే ఆయనకి మొదటి గ్రామీ. నేను రెండు భాగాలు కొన్నాను, అబద్ధమెందుకు. వినడానికి హాయిగా ఉంటాయి. నా గొడవంతా ఆ హాయితోనే. ఆ పాటల్లో ఎవరూ ఎవరినీ వదిలిపోరు. ఒకవేళ పోయినా సోఫాలోంచి లేవకుండానే పోతారు. విరహగీతమైనా, పెళ్లి పాటయినా ఒకే చిరునవ్వుతో, ఒకే వేగంతో సాగిపోతాయి. పియానో ఎక్కడ మొదలవుతుందో, శాక్సొఫోన్ ఎక్కడ దూరుతుందో రెండో పాటకే తెలిసిపోతుంది.

ఇదే మాట చాలాచోట్ల వెటకారంగా అనేవాణ్ణి. తర్వాతెప్పుడో తెలిసింది, 2000లో ఆయనకి థైరాయిడ్ క్యాన్సర్ ఆపరేషన్ జరిగిందని, గొంతు దగ్గర కండరాలు దెబ్బతిని పాడటం మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాల్సి వచ్చిందని. అంటే ఆ సాంగ్‌బుక్ పాడుతున్న మనిషి గొంతు తిరిగొస్తుందో రాదో అన్న భయం నుంచి అప్పుడే బయటపడ్డాడు. ఇది తెలిశాక నా వెటకారం కాస్త తగ్గింది. కానీ డిస్కు మళ్లీ పెట్టి వింటే ఆ భయం ఒక్క పాటలోనూ వినిపించలేదు. వినిపించకూడదనే ఆయన కష్టపడ్డాడు. వృత్తి ధర్మంగా చూస్తే అది గొప్పే. నాకు మాత్రం ఆ దాచిపెట్టిందే వినాలని ఉంటుంది.

జోనీ మిచెల్ దాచలేదు. దాచే వీలూ లేదనుకోండి. 1943లో కెనడాలో పుట్టింది. తొమ్మిదో ఏట పోలియో, ఇంచుమించు అప్పుడే సిగరెట్ కూడా అలవాటైందని ఆవిడే చెప్పుకుంది. ఇరవైల్లో ఉన్నప్పుడు సొప్రానో, అంటే ఆడగొంతుల్లో అన్నిటికంటే పైనుండేది. 2000లో ఈ ఆల్బమ్ వచ్చేసరికి యాభై ఆరేళ్లు, గొంతు కాంట్రాల్టోకి దిగిపోయింది, అంటే అన్నిటికంటే కిందికి.

ఇందులో వింతేం లేదు. స్వరపేటికలో రెండు సన్నటి మడతలుంటాయి, అవి కంపిస్తేనే మాట, పాట. మెనోపాజ్ తర్వాత ఆడవాళ్లలో ఈ మడతలు కొంచెం మందమెక్కుతాయి, గొంతు కిందికి దిగుతుంది. మగవాళ్లలో దీనికి వ్యతిరేకంగా పల్చబడి, ముసలితనంలో గొంతు కాస్త సన్నగా పైకి పోతుంది. ఏళ్ల తరబడి పొగతాగితే మడతలు నీరుపట్టి ఉబ్బుతాయి, ఇంకా బరువెక్కుతాయి. ఊపిరి పట్టే శక్తి తగ్గుతుంది కాబట్టి పొడుగాటి లైను ఒక్క దమ్ములో పాడటం కుదరదు, మధ్యలో ఆగాల్సిందే. తన గొంతు మారడానికి సిగరెట్లొకటే కారణమంటే మిచెల్ ఒప్పుకోలేదు. గొంతులో కాయలు కట్టడం, పోలియో తాలూకు శేషాలు కూడా ఉన్నాయంది. కారణాలు ఏవైనా, వినేవాళ్లకి అందేది ఒక్కటే. ఒకప్పుడు మూడు మెట్లు ఎగిరి దూకిన చోట ఇప్పుడావిడ ఒక్కో మెట్టూ దిగుతోంది.

ఈ ఆగడంలోనే నాకు అసలు విషయం ఉందనిపిస్తుంది. పైస్థాయి అందుబాటులో ఉన్న గొంతు కష్టమొచ్చిన చోట ఎగిరి తప్పించుకోగలదు. మాట బరువుగా ఉంటే దాన్ని ఒక సంగతిగా మార్చేసి, రాగం తీసి, మనల్ని మెప్పించి ముందుకు పోతుంది. మనం ఆహా అంటాం, మాట జారిపోతుంది. గొంతు పోయినవాళ్లకి ఆ దారి మూసుకుపోయింది. మాటని మాటలాగే అనాలి, ఎక్కడ ఆగాలో, ఎక్కడ అరక్షణం ఆలస్యంగా అందుకోవాలో అదే చూసుకోవాలి. ప్రేమపాట అంటే చివరికి ఒకరు ఇంకొకరితో ఏదో చెప్పుకోవడమే కదా. చెప్పుకునేటప్పుడు మనమెవరం గమకాలు వెయ్యం.

అలాగని "అనుభవం ఉంటేనే ప్రేమపాట పండుతుంది" అనే వాదనలోకి నన్ను లాగకండి. అది సగం నిజం, మిగతా సగం ముసలివాళ్ల గొప్పలు. ఈ ఆల్బమ్‌లో రెండో పాట "ఎట్ లాస్ట్". 1941లో హ్యారీ వారెన్, మాక్ గోర్డన్ రాశారు. మనకిది తెలిసింది ఎటా జేమ్స్ గొంతులో, 1960లో. అప్పటికి ఎటా వయసు 22. ఎట్టకేలకు నా ప్రేమ వచ్చింది అని ఇరవై రెండేళ్ల పిల్ల పాడితే, ఎన్నాళ్లు ఎదురుచూసిందని ఎట్టకేలకు అంటోంది? లెక్క ప్రకారం నవ్వు రావాలి. రాదు. ఆ పిల్ల ఆ మొదటి మాట మీదే ఇంటి తలుపులన్నీ తెరిచేస్తుంది. నమ్మి తీరతాం. యాభై ఆరేళ్లావిడ అదే పాట పాడితే తలుపు కొంచెమే తెరుచుకుంటుంది. ఎట్టకేలకు అన్న మాటలో సంతోషంతో పాటు ఒక అనుమానం కూడా ఉంటుంది. వచ్చినవాడు ఎన్నాళ్లుంటాడో అన్నట్టు. రెండిట్లో ఏది గొప్ప అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. కానీ ఎటా పాట ఆ ఒక్క పాటతో పూర్తయిపోతుంది. మిచెల్ పాట విన్నాక తర్వాతేమైందో తెలుసుకోవాలనిపిస్తుంది.

తర్వాత ఏమైంది అన్నదే ఈ ఆల్బమ్ అసలు పథకం. పన్నెండు పాటల్లో పది పాతవి, రెండు సొంతవి. వీటిని ఏరి, ఒక ప్రేమ మొదటి చూపు దగ్గర మొదలై, పండి, వాడి, తెగి, ఆ తర్వాత ఒక రకమైన ఒప్పుకోలుకి చేరేదాకా వరసగా పేర్చారు. మొదటిది "యూఆర్ మై థ్రిల్", ఒంట్లో వణుకు. మూడోది "కమ్స్ లవ్", ఏ జబ్బుకైనా మందుంది గానీ ప్రేమ వస్తే చేసేదేం లేదనే చమత్కారం. నాలుగో పాటకే తేడా పసిగట్టడం. ఐదులో బతిమాలడం. అలా కిందికి కిందికి. పదకొండోది రోజర్స్-హార్ట్‌ల పాట, "ఐ విష్ ఐ వర్ ఇన్ లవ్ అగైన్". నిద్ర చాలని రాత్రులూ, కీచులాటలూ, కాట్లూ అన్నీ గుర్తొచ్చి, అయినా మళ్లీ ప్రేమలో పడితే బాగుండు అనుకోవడం. ఒళ్లంతా వాతలు తేలినవాడు మళ్లీ ఆ పెనం వైపే చూస్తున్నట్టుంటుంది. ఈ చక్రం మళ్లీ మొదలవచ్చు సుమా అని ఆల్బమ్‌తో వచ్చిన పుస్తకంలో నిర్మాత రాశాడు కూడా.

ఆ నిర్మాత ఎవరనుకున్నారు? లారీ క్లైన్. 1982లో మిచెల్‌ని పెళ్లి చేసుకున్నవాడు. 1994లో విడాకులయ్యాయి. అంటే ఒక ప్రేమ ఎలా పుట్టి ఎలా పోతుందో చెప్పే పాటల్ని మాజీ భార్యాభర్తలు కూర్చుని ఎంచుకున్నారు. "నువ్వు మారిపోయావు" పాట ఆవిడ మైకు ముందు పాడుతుంటే ఆయన బాధ్యత ఆ టేకు బాగా వచ్చిందో లేదో చూడటం. ఆ గదిలో వాళ్లేం మాట్లాడుకున్నారో మనకనవసరం. కానీ ఈ సంగతి తెలిశాక ఆ పాట వింటే సన్నగా చెమట పడుతుంది.

ఇప్పుడు నా పెళ్లిరోజు పొరపాటుకి కాస్త ఊరటనిచ్చే విషయం. 2000 ఫిబ్రవరి 8న ఈ ఆల్బమ్ మొదట ఎలా అమ్మారో తెలుసా? వాలెంటైన్స్ డే కోసమని, చాక్లెట్ డబ్బాలా చేసిన పెట్టెలో, ఆవిడ వేసిన బొమ్మల ప్రింట్లతో, పరిమితంగా కొన్ని కాపీలు. మామూలు సీడీ మార్చిలో వచ్చింది. ఆ డబ్బా కొనుక్కెళ్లి ప్రియురాలికిచ్చి, నాలుగో పాట దగ్గర నాలాగే బిక్కమొహం వేసినవాళ్లు ఎంతమందో. నాకిది నిర్లక్ష్యం అనిపించదు, కావాలనే చేసిన చిలిపిపని అనిపిస్తుంది. బొమ్మలు తనే వేసుకునే మనిషికి డబ్బా అర్థం తెలియకుండా ఉంటుందా?

మూడేళ్లకి "లవ్ యాక్చువల్లీ" అనే బ్రిటిష్ సినిమాలో సరిగ్గా ఇదే జరిగింది. మొగుడి కోటు జేబులో నెక్లెస్ చూసిన భార్య, క్రిస్మస్‌కి అది తనకే అనుకుంటుంది. పొట్లం విప్పితే జోనీ మిచెల్ సీడీ. నెక్లెస్ ఇంకెవరికో అని అప్పుడర్థమవుతుంది. పడగ్గదిలోకి వెళ్లి, ఈ ఆల్బమ్‌లోని చివరి పాట వింటూ, మంచం మీద దుప్పటి సర్దుతూ, కళ్లు తుడుచుకుంటూ ఎమ్మా థాంప్సన్ నిలబడే ఆ సన్నివేశం చాలామందికి గుర్తుంటుంది. ఆ సినిమా మేం టీవీలో చూశాం. మా ఆవిడ నా వైపు తిరిగి, "నెక్లెస్ ఎవరికిచ్చారు?" అంది.

ఆ చివరి పాట దగ్గరికే వస్తున్నాను. "బోత్ సైడ్స్ నౌ" ఆవిడ ఇరవై మూడేళ్లప్పుడు రాసింది. విమానంలో ఒక నవల చదువుకుంటూ, కిటికీలోంచి కింద కనిపించే మేఘాలు చూసి మొదలుపెట్టిందట. ముందు జూడీ కాలిన్స్ పాడితే హిట్టయింది, 1969లో "క్లౌడ్స్" ఆల్బమ్‌లో ఆవిడే పాడింది. మూడు చరణాలు: మేఘాలు, ప్రేమ, జీవితం. ప్రతిదాన్నీ ఆ వైపు నుంచీ ఈ వైపు నుంచీ చూశాను, అయినా నాకేం తెలియదు అని ముగింపు. కాలేజీ క్యాసెట్లో నేను విన్నది ఇదే. ఇరవై మూడేళ్ల పిల్ల జీవితాన్ని రెండు వైపుల నుంచీ చూసేశాను అంటుంటే అప్పట్లో నాకు బ్రహ్మాండంగా అనిపించేది, ఎందుకంటే నాకూ అంతే వయసు, నేనూ అన్నీ చూసేశాననే నమ్మకం. తర్వాత కొన్నేళ్లు అదే పాట వింటే నవ్వొచ్చేది.

2000లో పాడినప్పుడు మాటలు దాదాపు అవే. నాలుగున్నర నిమిషాల పాట అయిదూ ముప్పావు నిమిషాలకు సాగింది. గిటార్ లేదు. ముందు వయొలిన్లు కాసేపు వాటిలో అవి నడుస్తాయి, ఎవరి కోసమో ఆగుతున్నట్టు. తర్వాత ఆవిడ వస్తుంది. మేఘాల చరణం దాదాపు మాట్లాడినట్టే ఉంటుంది. 1969లో ఈ చరణం గాల్లో తేలే ఐస్‌క్రీం కోటల్లాంటి బొమ్మలతో ముద్దుగా ఉండేది. ఇప్పుడవే బొమ్మలు పాత ఆల్బమ్‌లో ఫొటోలు చూపిస్తున్నంత నెమ్మదిగా ఒకటొకటే వస్తాయి. ప్రేమ చరణంలో లైను చివర గాలి చాలక గొంతు గరుకుగా అణిగిపోతుంది, అక్కడే వయొలిన్లు కింద చెయ్యి పెట్టినట్టు అందుకుంటాయి. ఈ వాద్యాల కూర్పు విన్స్ మెండోజాది. ఈ పాటకే ఆయనకి గ్రామీ వచ్చింది, ఆల్బమ్‌కి విడిగా ఇంకొకటి. రికార్డు చేసింది లండన్‌లోని ఎయిర్ స్టూడియోస్‌లో. ఒకప్పటి చర్చిని బీటిల్స్ నిర్మాత జార్జ్ మార్టిన్ సంస్థ స్టూడియోగా మార్చింది, ఆ ఎత్తయిన కప్పు కింద వయొలిన్ల ధ్వని వెంటనే ఆగిపోదు, కాసేపు తిరుగుతుంది. మధ్యలో వేన్ షార్టర్ శాక్సొఫోన్ సన్నగా వచ్చి, తను పాడలేని పైస్థాయి స్వరాల్ని ఆవిడ తరఫున పాడి పోతుంది.

చివరికి "జీవితమంటే నాకేం తెలియదు" అనేసరికి, అది ఇరవై మూడేళ్ల పిల్ల తెలివిగా అన్న మాటలా లేదు. అన్నీ అయిపోయాక లెక్క తేలక, పుస్తకం మూసిపెట్టిన మనిషి మాటలా ఉంది. పాట రాసిన నాటి నుంచి దాదాపు ముప్పై మూడేళ్లు తనే తన పాటకి వెనకబడ్డట్టు అనిపిస్తుంది నాకు. కుర్రతనంలో రాసిన పాట ముందే వెళ్లి మలుపులో కూర్చుంది, ఆవిడ నడుచుకుంటూ ఇప్పటికి దాన్ని చేరింది.

ఆల్బమ్ అంతా ఇలాగే ఉందని అనను. నడుమ రెండు మూడు పాటలు నీరసిస్తాయి. "స్టార్మీ వెదర్" ఎంత విన్నా నాకింకా పాతతరం గాయని లీనా హార్న్ ఇంటి సొత్తే, మిచెల్ అక్కడ చుట్టంచూపుగా వచ్చి వెళ్లినట్టుంది. ఆర్కెస్ట్రా కూడా కొన్నిచోట్ల అవసరానికి మించి తీపి. పాయసంలో జీడిపప్పు ఎక్కువైతే బియ్యం రుచి తెలియనట్టు. "ఎ కేస్ ఆఫ్ యూ" దగ్గర నాకు ఇంకా అనుమానమే. 1971లో ఆవిడే చేసిన "బ్లూ" ఆల్బమ్‌లో ఒక డల్సిమర్ అనే తంత్రీవాద్యం, ఒక గిటార్ మీద నడిచిన ఆ పాటకి అంత పెద్ద ఆర్కెస్ట్రా పట్టుపంచె కట్టినట్టుంది. చక్కగా ఉంది, కానీ ఆ పాట చెప్పులు లేకుండా నడిచిందే నాకిష్టం.

ఇంకో అభ్యంతరం గట్టిది. ఒక స్నేహితుడు నాతో వాదించాడు: "పాడైపోయిన గొంతుని మెచ్చుకోవడం జాలి. నువ్వు వింటున్నది పాటని కాదు, ఆవిడ కష్టాల్ని." ఇది కొట్టిపారేసే మాట కాదు. జాజ్ గాయని బిల్లీ హాలిడే 1958లో చేసిన "లేడీ ఇన్ శాటిన్" విషయంలో ఈ తగువు ఇప్పటికీ తెగలేదు. అప్పటికి ఆవిడ గొంతు గీసుకుపోయింది, మరుసటి ఏడే, 44 ఏళ్లకే చనిపోయింది. "నువ్వు మారిపోయావు" పాట అందులోనూ ఉంది. వాద్యాలు కూర్చిన రే ఎల్లిస్ రికార్డింగులు విని ముందు పెదవి విరిచాడు. కొన్ని వారాలకి పూర్తి మిక్స్ విన్నాక, తను సంగీతం మాత్రమే విన్నానని, అందులో మనిషిని వినలేదని ఒప్పుకున్నాడు. నిపుణుడికే అన్ని రోజులు పట్టింది.

నా స్నేహితుడికి నేను చెప్పిన జవాబు ఇది. జాలి అయితే పక్కనున్న పాటలన్నీ ఒకేలా కదిలించాలి, ఎందుకంటే కష్టం అన్నిట్లో ఒకటే. కానీ అలా కదిలించవు. ఇదే ఆల్బమ్‌లో ఇదే గొంతుతో పాడిన "స్టార్మీ వెదర్" నన్ను తాకలేదు, చివరి పాట తాకింది. తేడా గొంతులో లేదు, ఆ గొంతుతో ఆవిడ ఎక్కడ ఆగిందన్నదానిలో ఉంది. అది నైపుణ్యమే. ఉన్న నాలుగు నాణేలతో సంత చేసుకొచ్చే నైపుణ్యం. బాబ్ డిలన్ 2015లో, 73 ఏళ్లప్పుడు, "షాడోస్ ఇన్ ద నైట్"లో సినాత్రా పాడిన పది పాటలు తీసుకుని, సినాత్రా పాడిన క్యాపిటల్ స్టూడియోస్‌లోనే, తన బ్యాండ్‌ని ఒకే గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్‌లు కూడా లేకుండా పాడాడు. డిలన్ గొంతు మీద జోకులు వెయ్యనివాళ్లెవరు? అయినా అందులో ప్రతి మాటా స్పష్టంగా వినిపిస్తుంది. ఆయన జీవితమంతా మాటలు మింగేస్తాడని తిట్టించుకున్నాడు, డెబ్భై దాటాక ప్రేమపాటలకొచ్చి ఒక్క అక్షరం కూడా మింగలేదు. దీన్ని జాలి అని ఎలా అంటాం? స్నేహితుడు ఒప్పుకోలేదు, టాపిక్ మార్చాడు.

మిచెల్ అక్కడితో ఆగలేదు. 2015లో మెదడులో రక్తనాళం చిట్లి, మాట, నడక మళ్లీ నేర్చుకోవాల్సొచ్చింది. 2022 జులైలో న్యూపోర్ట్ ఫోక్ ఫెస్టివల్‌లో పెద్ద కుర్చీలో కూర్చుని, చుట్టూ బ్రాండీ కార్లైల్ వగైరా కుర్ర గాయకులుండగా, అదే చివరి పాట పాడింది. 2024 ఫిబ్రవరిలో, ఎనభయ్యో పడిలో, మొట్టమొదటిసారి గ్రామీ వేదిక మీద పాడింది, అక్కడా అదే. గొంతు 2000 నాటికంటే ఇంకా కిందికి దిగింది. అప్పటి గొంతు వింటే ఇప్పుడు కుర్రగొంతులా ఉంటుంది.

ఆ గ్రామీ వీడియో చూసిన రాత్రి మూడూ వరసగా పెట్టాను: 1969, 2000, 2024. మా ఆవిడ కూరలు తరుగుతూ వింటోంది. మొదటిది అవగానే, "ఈ పిల్లెవరు, బాగా పాడుతోంది" అంది. రెండోదానికి, "ఈవిడ మన జలుబావిడే కదూ" అంది. ఇద్దరూ ఒకరేనని చెబితే కత్తి పక్కన పెట్టి నా వంక చూసింది. మూడోది వింటున్నంతసేపూ ఏమీ తరగలేదు. అయిపోయాక, "ఆ పిల్ల పాట పాడుతోంది. వీళ్లిద్దరూ ఎవరితోనో మాట్లాడుతున్నారు" అని మళ్లీ బెండకాయలు అందుకుంది.

నేను రెండు పేజీల్లో చెప్పలేక తంటాలు పడుతున్నది తను బెండకాయల మధ్య చెప్పేసింది.

డిస్కు మీద ఇప్పుడు గీతలు పడ్డాయి, ఆరో పాట ఒకచోట గెంతుతుంది. ఇస్త్రీ చేసుకునేటప్పుడు పెట్టుకుంటుంది ఆవిడ. నేను పక్క గదిలోంచి వింటుంటాను. ఒక విషయం చాలా ఏళ్లకి గానీ గమనించలేదు. మొదటి మూడు పాటలు ఎప్పుడూ వినిపించవు. ఆవిడ ఎప్పుడూ నాలుగో పాట నుంచే పెడుతుంది. ఎందుకని నేనింతవరకు అడగలేదు.